వాగుకో లెక్క

అలాస్కా నైరుతి మూలన బ్రిస్టల్ బే అనే అఖాతం ఉంది. వేసవిలో సాకై సాల్మన్ చేపలు సముద్రం విడిచి అక్కడి తొమ్మిది పెద్ద నదుల్లోకి ఎదురీదుతాయి, మన పులస గోదారికెక్కినట్టే. కాకపోతే సాల్మన్ గుడ్లు పెట్టాక మళ్లీ సముద్రం చూడదు. ఈ చేపల మీద డేనియల్ షిండ్లర్, రే హిల్బర్న్, మరికొందరు కలిసి 2010లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన పత్రం వేశారు. అందులో నన్ను కట్టిపడేసింది పనితనం.

పునాది అంతా లెక్కింపే. నది ఒడ్డున మంచె లాంటి టవరెక్కి ఓ మనిషి కూర్చుంటాడు. గంటకి పది నిమిషాలు ఈ ఒడ్డున, పది నిమిషాలు ఆ ఒడ్డున, తేటనీటిలో పైకి పోయే చేపల్ని లెక్కపెడతాడు. రాత్రీ పగలూ అదే పని. చిన్న వాగుల్లోనైతే నీళ్లలో దిగి నడుస్తూ లెక్కించాల్సిందే. అలా పోగుపడిన యాభై ఏళ్ల అంకెలు వీళ్ల చేతికొచ్చాయి. ఇంత విసుగు పని ఎవరో చేసిపెట్టకపోతే ఎంత తెలివైన ప్రశ్నకైనా దిక్కుండదు.

ఆ అంకెల్ని వాళ్లు దగ్గర నుంచీ దూరం నుంచీ చూశారు. వాగు దగ్గర అంతా అలజడి: ఒక ఏడు కిటకిట, మరో ఏడు వెలవెల. వాగులన్నీ కలిసే నదికొస్తే ఊగిసలాట కాస్త తగ్గుతుంది, అఖాతం మొత్తం మీద ఇంకా తగ్గుతుంది. చేప జాతి ఒకటే అయినా, పుట్టిన నీటికే తిరిగొచ్చే అలవాటు వల్ల అందులో వందల కుదుళ్లు ఏర్పడ్డాయి. చల్లటి వాగు చేప ముందే గుడ్లు పెడుతుంది, సరస్సు ఒడ్డుది బాగా ఆలస్యంగా. లోతులేని వాగులో ఒళ్లు సన్నం. సరస్సు ఒడ్డున మూపు పెరిగి వెడల్పు. కొన్ని సముద్రంలో రెండేళ్లుంటాయి, కొన్ని మూడేళ్లు. ఏ చెడ్డ ఏడూ వాటన్నిటినీ ఒకే వయసులో, ఒకే చోట పట్టుకోలేదు. 1970ల దాకా ఓ మూలనున్న ఎగెగిక్ నది 1990లలో ఇల్లు మోసే పెద్దకొడుకైంది. ఒకప్పటి పెద్దకొడుకు క్వీచాక్ ఆ దశాబ్దం చివరికి చతికిలబడింది.

అసలు నేర్పు ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది: ఈ కుదుళ్లన్నీ ఒక్కటే అయ్యుంటే? ఏటేటా ఊగిసలాట రెండు రెట్లు దాటేది, వేట మూసేయాల్సిన ఏళ్లు పది రెట్లయ్యేవి. ఉన్నదాన్ని లేనిదానితో తూచారన్నమాట.

దీనికి ‘పోర్ట్‌ఫోలియో ప్రభావం’ అని షేర్ల వ్యాపారం మాట అరువు తేవడం మాత్రం నాకు రుచించలేదు. కొంత మెట్ట, కొంత పల్లం, లంకలో నాలుగు కుంచాలు ఉన్న రైతుకు ఆ మాటతో పనేముంది? వరదొస్తే మెట్ట ఆదుకుంటుంది, వాన తప్పితే పల్లం.

అక్కడి ఎలుగుబంట్లకూ ఇది బాగా తెలుసు. చల్లటి వాగులో చేపలు అయిపోయేసరికి పక్క వాగుకు, అదీ అయ్యాక సరస్సు ఒడ్డుకు కదులుతాయి.