తెరపై ట్యాబులు: గుణదోష విచారణ

తిరుపతిలో 1939లో దేవస్థానము వారు స్థాపించగా, 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున చేరిన ప్రాచ్య పరిశోధనాలయము తాళపత్ర గ్రంథములకు పేరుగన్నది. తాటియాకులకు త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కలు పెట్టి కట్టిన గ్రంథమది. కావలసిన విషయము దొరకవలెనన్న కట్టు విప్పి ఆకులు త్రిప్పవలసినదే. ఆకు అంచున పేరు వ్రాసిన చిన్న చెవి యొకటి పైకి కనబడుచుండినచో ఈ శ్రమ తప్పియుండును.

సూచీ కార్డులకు అట్టి చెవులు పెట్టు పద్ధతికి 1897లో అమెరికాలో జేమ్స్ న్యూటన్ గన్ పేటెంటు పొందెను. కంప్యూటరు తెరపై ఆ చెవికే ట్యాబు అని పేరు. ఐ.బి.యం. వారు 1992లో విడుదల చేసిన ఓఎస్/2 రెండవ రూపములోను, 1995 నాటి విండోసులోను ఇది ప్రచారమునకు వచ్చినది. నేడు క్యూటీ, స్వింగ్, టికింటర్ మొదలగు పరికరములన్నిటను సిద్ధముగా లభించుచున్నది. కాని స్థలము చాలని ప్రతిచోటను ట్యాబులు పెట్టుట మంచి పద్ధతి కాదు. ట్యాబు ఒక పుటను చూపుటకై మిగిలిన పుటలన్నిటిని దాచును. దాగిన పుటకు ప్రోగ్రామరే బాధ్యత వహింపవలెను.

చిత్తూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలకు మార్కుల ప్రోగ్రాము వ్రాయుచున్నామనుకొందము. విద్యార్థి వివరములు, మార్కులు, హాజరు అని మూడు ట్యాబులు. ఒకదానితో నొకటి పోల్చి చూడ నక్కరలేని పుటలకు ఈ ఏర్పాటు చక్కగా నుండును. కాని త్రైమాసిక, అర్ధసంవత్సర మార్కులను వేర్వేరు ట్యాబులలో నుంచినచో, ఉపాధ్యాయుడు ఒక అంకెను మనస్సున నుంచుకొని రెండవ పుటకు పరుగెత్తవలసి వచ్చును. అచట ఒకే పట్టిక మేలు.

రెండవ దోషము మరింత సూక్ష్మము. విండోస్ ఫారమ్స్ పద్ధతిలో ట్యాబు పుట మొదటిసారి తెరపైకి వచ్చువరకు అందలి గడులు సృష్టింపబడవు. డేటాతో వాటికి గల సంబంధమును పనిచేయదు. ఈ సంగతి యెరుగని ప్రోగ్రాము, తెరువని పుటలోని గడుల నుండి మార్కులు తీసికొని భద్రపరచబోయినచో, ఉన్న మార్కులకు బదులు శూన్యము చేరవచ్చును. కనుక డేటాను గడులయందు గాక వేరుగా నుంచవలెను. దాగిన పుటలో తప్పున్నచో, ఆ పుటను తానే తెరచి తప్పును చూపవలెను.

ట్యాబులు ఎక్కువైనపుడు విండోస్ వాటిని రెండు మూడు వరుసలుగా పేర్చగలదు. వెనుక వరుసలోని దానిని నొక్కగనే ఆ వరుస ముందుకు వచ్చును. తిరుపతి బస్సు స్టేషనులో చిత్తూరు బస్సు ఎక్కడని అడిగిన వెంటనే ప్లాట్‌ఫారములు తమ చోట్లు మార్చుకొన్నట్లుండును! అన్ని ట్యాబులు అవసరమైనచో, ప్రక్కన నిలువు జాబితా పెట్టుట ఉత్తమము.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి కలదు. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవునట్లు ట్యాబు ఎత్తును అంకెలతో బిగించినచో, తెలుగు వత్తులు క్రింద తెగిపోవును. అపుడు "లెక్కలు" "లెకలు"గాను, "మార్కులు" "మారులు"గాను కనబడును. పుట దాగియున్నపుడు దానికి గుర్తుగా మిగులునది పేరొక్కటే. ఆ పేరే తెగినచో పుట ఉండియు లేనట్లే. అక్షరముల కొలతను బట్టి ట్యాబు తానే పెరుగునట్లు విడిచిపెట్టిన ఈ దోషము చాలవరకు తొలగును.

పాఠశాలలో పైథాన్ ఉన్నచో, అందలి టికింటర్‌తో కొద్ది పంక్తులలోనే మూడు ట్యాబుల ప్రోగ్రాము వ్రాయవచ్చును. వ్రాసిన విద్యార్థి దానిని తోటివానికిచ్చి, ఏమియు చెప్పక, వాడు ఏ ట్యాబును తెరువక విడిచెనో గమనించవలెను. ప్రోగ్రాము గుణదోషములు తేలునది ఆ తెరువని పుటలోనే.