కరెంటు పోయినా మోగిన ఫోను

కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ ఎందుకు మోగేదో చెప్పాలంటే ఎక్స్ఛేంజిలోని బ్యాటరీ గదికి వెళ్లాలి. ఒక్కోటి 2 వోల్టుల సెల్లు, అలాంటివి వరసగా 24. మొత్తం 48 వోల్టులు. ఊళ్లో ఫోన్లన్నిటికీ ప్రాణం అక్కడే. అది ఎక్స్ఛేంజిలో తీగలన్నీ కలిసే చట్రం (ఎమ్‌డీఎఫ్) మీది జంపర్, భూమిలో కేబుల్, రోడ్డు పక్క పిల్లర్, స్తంభం మీది పంపిణీ పెట్టె (డీపీ) దాటుకుని రెండు రాగి తీగల్లో ఇంటికొచ్చేది. రిసీవర్ ఎత్తితే ఆ రెండూ లోపల కలిసేవి, కరెంటు పారేది, అది గమనించి ఎక్స్ఛేంజి డయల్ టోన్ ఇచ్చేది. తిప్పే డయల్లో ఐదుకు ఐదుసార్లు ఆ కరెంటు తెగేది, సున్నాకు పదిసార్లు. డయలుకు తాళం వేసి ఊరెళ్లిన ఆసామి ఫోన్లోంచి, హుక్కు టకటకా నొక్కి నంబరు కలిపిన ఘనుల్ని నా సర్వీసులో చూశాను.

మా పనితనమంతా జాయింట్ గుంటలోనే. జెల్లీ కేబుల్ కోస్తే ఆ జిగట ఎంత తుడిచినా వేళ్లను వదలదు. తెలుపుతో నీలం మొదటి పెయిర్, తెలుపుతో ఆరెంజ్ రెండోది, ఆపైన గ్రీన్, బ్రౌన్, స్లేట్. పెయిర్లు తారుమారైతే ఒకరి ఫోను మరొకరింట్లో మోగేది. అతుకుతుండగా రింగ్ వచ్చిందా, 75 వోల్టుల ఏసీ! చెయ్యి జివ్వుమనేది. ఆ సమయంలో ఫోన్ చేసినవాణ్ని తిట్టుకోని మెకానిక్ లేడు.

మొన్న మా వీధిలో ఫైబర్ అతుకుతున్న కుర్రాణ్ని రంగుల వరస అడిగాను. "బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్... అంతే కదా అంకుల్!" అన్నాడు. మా వరసే! వెంట్రుకంత గాజుపోగు కొసలు రెండూ మిషన్లో పెట్టి మూత వేశాడు. లోపల చిన్న మెరుపు, పోగులు కరిగి ఒకటయ్యాయి. అతుకు ఎలా కుదిరిందో తెర మీద అంకె చెప్పింది. మేం టెస్ట్ ఫోను చెవిన పెట్టుకుని తేల్చుకున్న సంగతి అది. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒకే పోగును 32 ఇళ్లకైనా పంచుతారు. కాబట్టి మన ఇంట్లోని ఫైబర్ పెట్టె ముందు తన సీరియల్ నంబరు చెప్పుకుని, తన వంతు వచ్చినప్పుడే డేటా పంపాలి. పని మాకంటే నాజూకు, వేగం గురించి చెప్పనక్కర్లేదు.

కానీ గాజు కరెంటు మోయదు. ఆ పెట్టె నడిచేది మన గోడ ప్లగ్గు మీదే. ఇంట్లో కరెంటు పోతే, ఎక్స్ఛేంజి నిక్షేపంలా ఉన్నా ఫోను మూగబోతుంది. ఇది మాత్రం రాగి దగ్గర లేని లోటే. ఇలాంటి పెట్టెల కోసం చిన్న డీసీ యూపీఎస్‌లు బజారులో ఉన్నాయి. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో చూసి, దానికి తగ్గది కొనండి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లయితే ఇవాళే కొనండి.