జపాను గదిలో లేని జపాను

చిత్రకళలో "అగ్రగామి" అనే మాటకు మన సాహిత్య సభల్లో రెండే అర్థాలు చలామణీ అవుతున్నాయి. కొందరికి అది బూర్జువా వర్గపు కాలక్షేపం, అర్థంకాని గీతల గొడవ. మరికొందరికి కొత్తగా వుంటే చాలు, విప్లవమే. రెండూ తొందరపాటు తీర్పులే. రూపం ఎంత విరిగిందో కొలిచి లాభం లేదు. ఆ విరగడంలో దెబ్బ దేనికి తగిలిందో చూడాలి.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాను విభాగాన్ని పనిగట్టుకుని చూసిన తరువాత నాకీ అభిప్రాయం మరింత గట్టిపడింది. సత్సుమా జాడీలు, ఇమారీ పింగాణీ, దంతపు పని, సామురాయ్ కత్తులు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కవలసిందే. అయితే 19వ శతాబ్దం చివరి భాగంలో తయారైన సత్సుమా సరుకు చాలావరకు విదేశీ మార్కెట్టు కోసం పుట్టింది. జపాను రైతు అన్నం తిన్న గిన్నె అది కాదు. ఇక్కడ దాన్ని కొన్నది మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949). కొన్న డబ్బు జాగీరు గ్రామాల చెమట.

తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమింపబడింది. అదే యేడు డిసెంబరు 16న నెహ్రూ యీ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. దివాణం సొత్తు ప్రజల సొత్తు కావడం మంచిదే. కాని సొత్తు చేతులు మారినా ఎంపిక మాత్రం దివాణానిదే. 1949లో పోయిన ప్రభువు ఆ తరువాతి జపానును కొనలేదని నిందించడం అన్యాయం. అయినా మన విద్యార్థి ఆ గదినుంచి జాడీ, కత్తి అనే రెండు వస్తువులనే జపానుగా తలకెత్తుకుని వస్తాడు. హిరోషిమా తరువాతి జపాను ఆ గదిలో లేదు.

ఆ జపానులో 1955వ సంవత్సరపు రెండు కృతులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఛాయాచిత్రాల్లో, అచ్చుబొమ్మల్లో చూసినా వీటిమధ్య తగాదా స్పష్టంగానే తెలుస్తుంది.

మొదటిది, నూనె వ్యాపార కుటుంబానికి చెందిన జిరో యోషిహారా 1954లో స్థాపించిన గుతాయి బృందానిది. టోక్యోలో ఆ బృందం ప్రదర్శన జరిగినప్పుడు కజువో షిరాగా ఆవరణలో పోసిన అడుసులోకి అర్ధనగ్నంగా దిగి, దొర్లి, దానితో కుస్తీ పట్టాడు. ఆ అడుసుమీద మిగిలిన జాడలే కృతి. మా ఎ.కొండూరులో దమ్ము చేసిన మడిలో పొద్దుటినుంచి నడుం వంచి నాట్లు వేసే కూలీకి యీ సంగతి చెబితే నవ్వుతుంది. ఆమె నవ్వులో న్యాయముంది. కాని ఆ నవ్వుతోనే విమర్శ ముగించరాదు. శరీరం చక్రవర్తికోసం చావడానికేనని నేర్పిన సైనికరాజ్యం కూలి అప్పటికి పదేళ్ళు. ఆ తరం యువకుడు తన ఒళ్ళు తనదేనని చాటుకోవడం చిన్న విషయం కాదు.

రెండవది హిరోషి నకమురా "సునగావా నెం.5". టోక్యో దగ్గర తచికావా అమెరికన్ వైమానిక స్థావరపు రన్‌వే పొడిగించడానికి ప్రభుత్వం సునగావా పొలాలు సర్వే చేయించబోయింది. రైతులు అడ్డం నిలిచారు. విద్యార్థులు, కార్మికులు తోడు వచ్చారు. ఆ ఘర్షణే చిత్రవస్తువు. నకమురా దాన్ని ఫోటోలాగా దించలేదు. దృష్టికోణాన్ని వంచాడు, మనుషులను ఇరికించాడు, సినిమా కూర్పునుంచి నేర్చుకున్నాడు. రూపప్రయోగం లేకపోతే ఆ చిత్రంలో ఆ వొత్తిడే లేదు. కనుక ప్రయోగమంతా పలాయనమనే మన మిత్రుల వాదం యిక్కడ నిలవదు.

రెండింటిలోనూ మట్టే వుంది. షిరాగా మట్టికి పట్టా లేదు, శిస్తు లేదు, సర్వే రాయి లేదు. మనిషి, పదార్థం ఒంటరిగా తలపడతారు. సునగావా మట్టికి సాగుదారు వున్నాడు, దాన్ని లాక్కునే రాజ్యమూ వుంది. మొదటి కృతి వ్యక్తిని విడిపించి అక్కడే ఆగింది. రెండవది వ్యక్తిని జనంలో నిలబెట్టింది. 1968లో అమెరికన్లు ఆ పొడిగింపును మానుకున్నారు. 1977లో స్థావరమే తిరిగి వచ్చింది. గెలిచింది రైతులే, చిత్రం కాదు. అయితే ఆ గెలుపుకు జ్ఞాపకం చిత్రంలో మిగిలింది.

నేడు కాళ్ళతో వేసిన షిరాగా చిత్రాలు వేలంపాటల్లో కోట్లు పలుకుతున్నాయి. నకమురా చిత్రమూ టోక్యో సమకాలీన కళా మ్యూజియం చేరింది. తిరుగుబాటునుకూడా జాడీలాగే అద్దాల వెనుక పెట్టగల శక్తి పెట్టుబడికి వుంది. యీ ప్రమాదం మనకూ కొత్తది కాదు. 1965లో దిగంబర కవుల తొలి సంపుటిని నాంపల్లి పండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. అక్కడా దిగ్భ్రమ ఒక్కటే చాలలేదు. వారిలో పలువురు 1970లో విరసం వైపు నడిచారు. పుస్తకాన్ని రిక్షా కార్మికుడి చేతిలో పెట్టిన తరువాత అతని బతుకువైపు నడవక తప్పదు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. పిల్లలను మ్యూజియానికి తప్పక తీసుకువెళ్ళండి. ప్రతి వస్తువు ముందూ మూడు ప్రశ్నలు అడగనివ్వండి: చేసిందెవరు? కొన్నదెవరు? దీని పక్కన వుండవలసి వుండీ లేనిదేది? మూడవ ప్రశ్న అడగడం నేర్చిన విద్యార్థి అగ్రగామి కళను చూసి బెదరడు, మోసపోడు.