ఏ స్త్రీ? ఏ బడి?

అధికారం లాఠీలోనే కాదు, పాఠంలోనూ ఉంటుందని ఫూకో నుంచి స్త్రీవాద పరిశోధకులు గ్రహించారు. మన దగ్గర ఆ చూపు హైదరాబాద్‌లో పదునెక్కింది. 1990 మండల్ వ్యతిరేక ఆందోళనలో రోడ్డెక్కిన అగ్రకుల విద్యార్థినులను చూపి, 'స్త్రీ' అనే మాట వెనక కులమూ మతమూ దాగున్నాయని సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో రాశారు. ఆ మాట మాకు అక్కరకొచ్చింది. 2008లో అన్వేషి తెచ్చిన పిల్లల పుస్తకాల్లో ఖదీర్ బాబు కథ చేరడం ఆ దారిలోదే.

అయినా మా పేచీ మాకుంది. విశాఖ పాతనగరంలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే ముస్లిం పిల్లను తీసుకోండి. మనిషి ఒక్కటిగా ఉండదన్నది సిద్ధాంతానికి కొత్త సంగతి, ఆమెకు రోజూ ఉన్నదే. బురఖాను అణచివేత అనేవారూ, ప్రతిఘటన అనేవారూ ఆమెను గుడ్డముక్కగానే చదువుతున్నారు. చదువెందుకు ఆపావని అడిగితే ఆమె ఫీజు, బస్సు, పోర్టులో నాన్న కూలి లెక్క చెబుతుంది. ఆ లెక్క కూడా పరిశోధనే.

'స్త్రీ' ఒక్కటి కాదన్నవారు 'ముస్లిం స్త్రీ' కూడా ఒక్కటి కాదని ఒప్పుకోవాలి. కౌమ్ పేరుతో ఆమె బదులు మాట్లాడే మా మగవాళ్లం ముందుగా ఒప్పుకోవాలి.