బావికి కాపలా, ఇంటికి కాపలా

ఏప్రిల్ వచ్చిందంటే నా పొద్దు నాచు రెమ్మలు తడమడంతో మొదలవుతుంది. అద్దాల తొట్టిలోంచి ఒక్కో రెమ్మా తీసి కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తాను. ఆకులన్నీ తిన్నగానే ఉంటాయి. ఎక్కడో ఒకటి మాత్రం కిళ్ళీ కట్టినట్టు మడిచి ఉంటుంది. విప్పితే లోపల ఆవగింజంత గోధుమరంగు చుక్క, చుట్టూ ఉడికిన సగ్గుబియ్యంలాంటి జిగురు. న్యూట్ గుడ్డు. ఆడది రాత్రిపూట వెనక కాళ్ళతో ఆకుని దగ్గరికి లాక్కుని, మడిచి, అందులో ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆకు అతుక్కునేదాకా అలాగే పట్టుకుని ఉంటుంది. తర్వాత ఇంకో ఆకు చూసుకుంటుంది. వేసవి వచ్చేసరికి ఇలా వందకి పైనే మడతలు.

గుడ్డున్న ఆకుని తుంచి వేరే డబ్బాలో వెయ్యాలి. అదే తొట్టిలో ఉంచితే పెద్దవి తినేస్తాయి, కన్నతల్లి కూడా.

మాది భీమవరం దగ్గర పల్లె. నగోయా వచ్చి పదకొండేళ్ళయింది. మన గోదావరి, కృష్ణా కాలువల్లో న్యూట్ లేదు కాబట్టి దానికి తెలుగులో పేరూ లేదు. మొదటిసారి వీడియో కాల్లో చూపిస్తే అమ్మ ఉలిక్కిపడింది.

"ఏంటే అది, బల్లా? మీద పడితే ఏం గతి?"

"బల్లి కాదమ్మా, నీళ్ళలో ఉంటుంది. కప్పల వైపు చుట్టం."

"కప్పకి తోకేంటే!"

జపాన్‌వాళ్ళకి మాత్రం బల్లీ న్యూటూ మాటల్లో అక్కచెల్లెళ్ళు. న్యూట్‌ని ఇమొరి అంటారు. ఆ పేరుని బావి, కాపలా అనే రెండు అక్షరాలతో రాస్తారు. గోడమీద బల్లి యమొరి, అంటే ఇంటికి కాపలా. మన పంచాంగంలో బల్లికి శకునం చెప్పే పని అప్పగించాం, వీళ్ళు ఇల్లు అప్పగించారు. ఈ సంగతి విన్నాక అమ్మ కాస్త మెత్తబడింది. ఇప్పుడు ఫోన్ చేస్తే "నీ బావి కాపలాలు ఎలా ఉన్నాయి?" అని అడుగుతుంది.

మా ఇంట్లో ఉన్నది అకహర ఇమొరి, ఎర్రపొట్టది. పైనుంచి చూస్తే నల్లగా తడి మట్టిలా ఉంటుంది. తిరగబడితే పండుమిరప రంగు మీద నల్ల మచ్చలు, ఏ రెంటికీ ఒకేలా ఉండవు. హొన్షు, షికొకు, క్యూషు దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా దొరకదు. వరిమళ్ళూ పిల్లకాలువలూ దాని ఇల్లు. గట్లకి సిమెంటు పడి, మళ్ళు ఎండగట్టడం ఎక్కువై ఇప్పుడు తగ్గిపోతోంది. అందుకే మడిలోంచి పట్టుకురాలేదు. ఇళ్ళలో పుట్టి పెరిగిన మూడింటిని, రెండు ఆడ, ఒక మగ, కొని తెచ్చుకున్నాను. నా దగ్గర పుట్టిన పిల్లల్ని ఏ చెరువులోనూ వదలను. ఒక్కో ప్రాంతపు ఇమొరికి ఒక్కో వంశం ఉంది, కలిపేస్తే ఆ తేడా పోతుంది. మళ్ళలో పెరిగినవాటి చర్మంలో ఫుగు చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషమే ఉంటుంది. ఇంట్లో పెరిగినవాటిలో అది కనబడదంటారు. అయినా ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుగుతాను.

మగది ఆడదాన్ని పిలిచే తీరు చూడాలి. దారికి అడ్డంగా నిలబడి, తోకని ఒంటి పక్కకి వంచి, దాని ముక్కు ముందు సన్నగా వణికిస్తుంది. ఆ వణుకుతో తన వాసన నీళ్ళలో అటువైపు తోస్తుంది. 1995లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ వాసనలో పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసుని పట్టుకుని సోడెఫ్రిన్ అని పేరు పెట్టారు. సొదెఫురి అంటే వలపుతో చొక్కా చేతులు ఊపి పిలవడం. ప్రయోగశాలలో పుట్టిన పేర్లలో ఇంత అందమైనది నాకు ఇంకోటి తెలియదు.

ఈ పెంపకం గురించి అడిగేవాళ్ళంతా గుడ్లు ఎలా పెట్టించాలనే అడుగుతారు. అది తేలిక. చలికాలం నెలా రెండు నెలలు హీటరు లేని బాల్కనీలో చల్లగా ఉంచితే వసంతంలో అవే పెడతాయి. మూడు వారాలకి అటూఇటుగా పిల్ల బయటికొస్తుంది, సెంటీమీటరు పొడవు, మెడకి రెండువైపులా ఈకల్లాంటి మొప్పలు. కప్పపిల్లకి ముందు వెనక్కాళ్ళు వస్తాయి, దీనికి ముంగాళ్ళు. కదిలేది తప్ప తినదు కాబట్టి ఉప్పునీళ్ళ సీసాలో గాలి పెట్టి ఆర్టీమియా అనే చిట్టి రొయ్యల్ని పొదిగిస్తాను. మా బాబాయి రొయ్యల హేచరీలో చిన్నప్పుడు చూసిన డబ్బాలే. పరాయి దేశంలో ఆ గోధుమరంగు పొడి చూడగానే బాబాయి లుంగీ వాసన గుర్తొచ్చింది.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. మూడు నాలుగు నెలలకి మొప్పలు కుంచించుకుపోయి పిల్ల ఒడ్డెక్కుతుంది. ఒడ్డెక్కాక రెండు మూడేళ్ళు నీళ్ళ మొహం చూడదు. నాకు ఇది పుస్తకంలో తెలుసు, చేతుల్లో తెలియదు. మొదటి ఏడాది ఇరవైమూడు పిల్లలు. మొప్పలు ఇంకా కాస్త ఉన్నాయి కదా, రేపు మారుద్దాం అనుకుని పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి అయిదు నీళ్ళలో తేలుతున్నాయి, పొట్టలు పైకి. ఎక్కడానికి ఒడ్డు లేక మునిగిపోయాయి. రెండు తడి అద్దం మీద పాకి మూత సందులోంచి పడిపోయాయి. ఒకటి ఫ్రిజ్ వెనక దొరికింది, వాన వెలిశాక ఎండిన వానపాములా. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళలేకపోయాను. మిగిలినవీ నిలవలేదు. మరీ తడిగా ఉన్న నాచులో ఉంచాను, ఒంటిమీద బూజు పట్టింది.

ఇప్పుడు మొప్పలు సగానికి తగ్గాయనగానే నీటిని వేలు మందానికి దించి బెరడు ముక్కని ఏటవాలుగా పెడతాను. తర్వాత తడి పిండేసిన కాగితం పరిచిన డబ్బా, గాలి ఆడే బిగుతు మూత. ఎగరలేని చిన్న ఈగలు, లేదంటే పట్టకారు కొసన ఊపే ఎర్రపురుగు ముక్క. అగ్గిపుల్లంత పిల్ల తల పక్కకి వాల్చి, చూసి, చూసి, చటుక్కున అందుకుంటుంది. ఒక్కోదానికి అయిదు నిమిషాలు పడుతుంది. పెంపకమంటే ఆ అయిదు నిమిషాలే అని నా నమ్మకం.

ఎండాకాలం ఇంకో పరీక్ష. 2018 ఆగస్టులో ఈ ఊళ్ళో 40 డిగ్రీలు దాటింది. మడిలో ఇమొరి ఏ రాయి కిందో చల్లదనం వెతుక్కుంటుంది, అద్దాల తొట్టిలో ఎక్కడికి పోతుంది? నీళ్ళు 25 దాటకుండా చూడాలి. నీటిమీద ఫ్యాను తిప్పితే కుండలో నీళ్ళు చల్లబడినట్టే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆపైన ఏసీయే గతి.

మొన్న హైదరాబాద్ నుంచి మా అక్క కొడుకు, "పిన్నీ, నాకు రెండు పట్టుకురావా?" అన్నాడు. వీల్లేదన్నాను. అక్కడి మే నెల ఒక్కటే చాలు వాటిని చంపడానికి. పైగా 2013లో యూరప్‌లో ఒక బూజు బయటపడింది, నెదర్లాండ్స్ అడవుల్లో వీటి చుట్టాలైన సాలమండర్లని దాదాపు ఊడ్చేసింది. ఆసియా నుంచి పెంపుడు జంతువుల వ్యాపారంతో చేరిందని శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశానికీ డార్జిలింగ్ కొండల్లో సొంత న్యూట్ ఉంది, చట్టం కాపాడుతున్న జీవి. నా సూట్‌కేసులోంచి దానికి ఆ రోగం చేరకూడదు. "డార్జిలింగ్ వెళ్ళి చూడరా, మన హైదరాబాద్ ఆడపడుచు పద్మజా నాయుడు పేరున్న జూ కూడా అక్కడే ఉంది" అన్నాను. వాడు అలిగాడు. అలగనీ.

ఇవి పాతికేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతాయి. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో ఇమొరి కంటి కటకాన్ని పదహారేళ్ళలో పద్దెనిమిదిసార్లు తీసేస్తే అన్నిసార్లూ కొత్తది మొలిచింది. చివరికి ఆ ఇమొరుల వయసు ముప్ఫై ఏళ్ళకి తక్కువ కాదు. మా అబ్బాయికి ఇప్పుడు ఏడేళ్ళు. తొట్టికి నీళ్ళు ముందురోజే పట్టి ఉంచే పని వాడిది.

రెండో ఏడాది పిల్లల్లో నాలుగు దక్కాయి. మూడేళ్ళుగా కాగితం మీదే ఉన్నాయి. పోయిన ఆదివారం డబ్బాలో మూలన చిన్న గిన్నెతో నీళ్ళు పెట్టాను. మూడు అటు చూడలేదు. నాలుగోది అంచుదాకా వచ్చి ముంగాలు ఒకటి నీళ్ళలో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. తోక ఇంకా కాగితం మీదే ఉంది. రాత్రి పదకొండింటికి దీపం ఆర్పేదాకా అలాగే ఉంది.