లివర్‌పూల్‌లో నేర్చిన కట్టు

సోమశిల చుట్టుపక్కల పల్లెల్లో ఎవరన్నా బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఇంట్లో వాదన మొదలవుతుంది. నెల్లూరికి తీసుకుపోదామని కొడుకంటాడు. "ఆడికి పోతే కోసి రాడ్డేస్తారు, పుత్తూరు కట్టు కట్టిస్తే పోలా?" అంటుంది తల్లి. విదేశాల్లో ట్రామా సర్జరీ నేర్చుకొచ్చిన డాక్టరు ఆ మాటకు నవ్వకూడదు. అతను చదివిన విద్య కూడా అలా కట్టు కట్టే ఇంట్లోనే పెరిగింది.

పుత్తూరు దగ్గర ఈశ్వరాపురంలో రాజుల కుటుంబం 1881 నుంచి ఈ పని చేస్తోందని చెబుతారు. విరిగిన చోటు వేళ్లతో తడిమి, లాగి, ఎముకను వరసకు తెస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు. చర్మం చిట్లకుండా, ఎముక పెద్దగా పక్కకు జరక్కుండా విరిగినప్పుడు ఈ పద్ధతిని తప్పుపట్టడానికేమీ లేదు. సరిచేసి కదలకుండా ఉంచితే ఎముక తనంతట తానే అతుక్కుంటుంది.

చిక్కంతా బిగింపులో ఉంది. చెట్టెక్కి పడిన పిల్లవాడికి మోచేతి పైన ఎముక విరుగుతుంది. గంటగంటకూ వాపు పెరుగుతుంది, కట్టు మాత్రం సాగదు. లోపల రక్తం ఆడక కండ చచ్చి, వేళ్లు కొంకర్లు పోతాయి. జర్మన్ సర్జన్ ఫోల్క్‌మన్ ఈ సంగతి వివరంగా రాసిందీ 1881లోనే. బిగుతు కట్లదే దోషమన్నాడాయన. ఆయన చూసినవి వెదురు బద్దలు కావు, కాబట్టి ఈ పాపమంతా నాటువైద్యుల నెత్తిన రుద్దడం కుదరదు.

పుత్తూరు రాజుల్లాగే లివర్‌పూల్‌లోనూ 19వ శతాబ్దంలో ఇవాన్ థామస్ అని ఎముకలు కట్టే ఆయన ఉండేవాడు. వేల్స్ నుంచి వచ్చిన, తరతరాలుగా అదే పని చేసిన వంశం. పట్టా లేదని డాక్టర్లు ఆయన్ను కోర్టులకు తిప్పారు. ఆయన తన ఐదుగురు కొడుకులనూ డాక్టర్లను చేశాడు! వాళ్లలో హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) చేసిన థామస్ స్ప్లింట్ ఇవాళ్టికీ మన క్యాజువాలిటీల్లో ఉంది. గజ్జల దగ్గర ఆనే వలయం, అక్కడి నుంచి పాదం దాటి పోయే రెండు ఇనుప కడ్డీలు, పాదాన్ని కొసకు లాగి కట్టే పట్టీ. అంతే. తొడ ఎముక విరిగితే దాని కొసలు కదిలినప్పుడల్లా కండను చీలుస్తాయి. లీటరుకు పైగా రక్తం బయటికి కనపడకుండా తొడలోనే చేరుతుంది. కాలిని లాగి పట్టి ఉంచితే ఆ చీలిక ఆగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుణ్ని కదిలించే ముందే ఈ స్ప్లింట్ కట్టడం మొదలెట్టాక తొడ విరిగినవాళ్ల చావులు బాగా తగ్గాయి.

ఆ పని చేయించిన రాబర్ట్ జోన్స్, హ్యూ థామస్ దగ్గర పెరిగిన శిష్యుడు, థామస్ భార్య తరఫు బంధువు కూడా. నన్నడిగితే జోన్స్ అసలు గొప్పతనం యుద్ధానికి ముందే ఉంది. 1888లో మాంచెస్టర్ నౌకా కాలువ తవ్వే కూలీల వైద్యం ఆయన చేతికొచ్చింది. 58 కిలోమీటర్ల కాలువ పొడవునా ప్రథమ చికిత్స కేంద్రాలు, మధ్య మధ్య ఆస్పత్రులు పెట్టించాడు. దెబ్బ తగిలిన చోటే కాలు కట్టి, తర్వాతే ఆస్పత్రికి పంపేవారు.

1920లలో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం ఎముకల శస్త్రచికిత్సకు ప్రత్యేకంగా ఎంసీహెచ్ పట్టా పెట్టింది. పట్నాలో ఆర్థోపెడిక్స్‌కు పునాది వేసిన ముఖోపాధ్యాయ, కోయంబత్తూరు గంగా హాస్పిటల్ రాజశేఖరన్ ఆ పట్టా తెచ్చుకున్నవాళ్లే. ఈ విద్య నేర్చుకోవడానికి ఇంకో దారి స్విట్జర్లాండుది. 1958లో అక్కడి సర్జన్లు కొందరు ఏఓ అనే బృందంగా ఏర్పడి, ప్లేట్లు, స్క్రూలతో ఎముకను గట్టిగా బిగించి రోగిని త్వరగా కదిలించాలన్నారు. 1960 నుంచి దావోస్‌లో శిక్షణ శిబిరాలు నడిపారు.

ఇప్పుడు ఎంఎస్ అయ్యాక ఫెలోషిప్పుకు ఇంగ్లండు వెళ్లిన మన కుర్రవాడికి నిజమైన బడి ఆపరేషన్ థియేటర్ కాదు, పొద్దుటిపూట జరిగే ట్రామా మీటింగు. రాత్రి వచ్చిన కేసుల ఎక్స్‌రేలన్నీ తెర మీద వేస్తారు. ఎముక చర్మం చీల్చుకొచ్చిందా, యాంటీబయాటిక్ ఎన్నింటికి ఇచ్చారు, నాడి చూసిందెవరు, ఎక్కడ రాశారు? ఒళ్లంతా దెబ్బలున్న మనిషికి మొదటి రాత్రే అన్నీ బిగించకుండా, బయటి నుంచి కడ్డీలతో కాలిని నిలిపి, ప్రాణం కుదుటపడ్డాక మిగతాది చేయడం ఎందుకో కూడా చెప్పాలి. ప్లేట్లు, రాడ్లు నెల్లూరులోనూ దొరుకుతాయి. రోజూ పదిమంది ముందు ఇలా జవాబు చెప్పుకునే అలవాటు మాత్రం అంత సులభంగా దొరకదు.

ఆత్మకూరు నుంచి నెల్లూరు 50 కిలోమీటర్ల పైమాటే, అంటే జోన్స్ కాలువంత దూరం. ఉదయగిరి ఇంకా దూరం. 108 బండ్లు 2005 నుంచి తిరుగుతున్నాయి. ఫెలోషిప్ చేసి వచ్చిన సర్జన్ నెల్లూరులో ఆస్పత్రి తెరిస్తే మంచిదే. అంతకన్నా ముందు ఆత్మకూరు, ఉదయగిరి ఆస్పత్రుల్లో థామస్ స్ప్లింట్ కట్టే చేతులను తయారుచేయాలి. కట్టాక ప్రతి అరగంటకూ వేళ్లు కదుపుతున్నాడా, పాదం చల్లబడుతోందా అని చూడటం నేర్పాలి. ఆ పాఠానికి పుత్తూరు నుంచి కట్టు కట్టేవాళ్లను కూడా పిలిస్తే ఇంకా మంచిది.