చక్రాన్ని కట్టాలె

సిరోంచ తాలూకా అంకిసలో ఓ రేకుల కొట్టం ముందు, ట్రైలర్ మీదికెక్కించిన తెల్ల అంబాసడర్‌ను ఒక పెద్దాయన కట్టడం చూశాను. తాడు కట్టడం ఎంత పెద్ద విద్యో ఆ రోజే తెలిసింది.

ఆయన ముందు తాడు ముట్టనే లేదు. కారును జానెడు ముందుకు, బెత్తెడు వెనక్కు జరిపించాడు. బరువు ట్రైలర్ ఇరుసుకు కాస్త ముందు పడాలి. వెనక బరువెక్కితే దారి పొడవునా ట్రైలర్ తోక ఊపుతుంది. చోటు కుదిరాక గేరులో వేయించి, హ్యాండ్‌బ్రేకు లాగించి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా చెక్కలు కొట్టాడు. ఆ తర్వాతే తాడు. ఒక్కో టైరు మీదుగా వేసి, ఒక కొస ముందుకు, ఒక కొస వెనక్కు దించి బిగించాడు. అంచు ఒరుసుకునే చోటల్లా గోనెసంచి మడత పెట్టాడు.

"బండిని కాదు బిడ్డా, చక్రాన్ని కట్టాలె. బండి ఊగాలె, చక్రం కదలొద్దు" అన్నాడు.

విద్యంతా ఆ మాటలోనే ఉంది. బాడీని లాగి కడితే గుంతలో స్ప్రింగు అణుగుతుంది, తాడు వదులవుతుంది, మరుక్షణం బండి ఎగిరి దాన్ని తెంపుతుంది. చక్రాన్ని కడితే కారు తన స్ప్రింగుల మీద తాను హాయిగా ఊగుతుంది.

చివరగా టైరు మీంచి పలక మీదికి సుద్దతో ఒక గీత గీశాడు. గోదావరి మీది కాళేశ్వరం వంతెన దాటాక ఆపించి, సర్దుకున్న తాళ్ళను మళ్ళీ బిగించాడు. హైదరాబాద్‌లో దించేటప్పుడు చూస్తే టైరు మీది గీతా పలక మీది గీతా కలిసే ఉన్నాయి! ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివితీరదు.

సిరోంచ అడవుల్లో టేకు దుంగలు బండ్లకెత్తిన నాటి నుంచీ ఈ పనితనం ఉందంటారు. మేం దాటిన కాళేశ్వరం వంతెన మాత్రం 2016 చివర్లో వచ్చింది. అంతకుముందు రెండు పడవలు జోడించి, పలకలు పరిచి జీపులను గోదావరి దాటించేవారని పెద్దల మాట.

ఇప్పుడేమో ఎంత బరువు ఆపుతుందో రాసి లేని చవక బెల్టు, కొక్కెం తగిలించడానికి క్రోమ్ బంపరు! మా ఇంటి ఫియట్‌ను అలాగే తెచ్చారు. దిగేసరికి బంపరు వంకర, కప్పిన పట్టా గాలికి కొట్టుకుని రంగంతా గీతలు. కడుపు తరుక్కుపోయింది. మంచి బెల్టుకు నేను శత్రువును కాను, తెలియని చేతికి శత్రువును. అంబాసడర్ తయారీయే 2014లో ఆగిపోయింది, పాత బంపరు పోతే ఎక్కడ వెతుకుతాం? చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి రోల్స్ రాయిస్‌కు దక్కే మర్యాదే అంకిస కొట్టంలోని కారుకూ దక్కాలి.

పాత బండి కదిలించేవారికి నా మనవి ఒకటే. ఇలాంటి పెద్దాయన్ను పిలవండి. పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెట్టి నేర్పించండి. టీ తాగించి పంపేయకండి, పనితనానికి తగ్గ కూలి చేతిలో పెట్టండి.